ఊఁ అంటేనే గేరు

పికప్ బండి ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఒకటే మాట: బండి తాగుతోంది, లాగడం లేదు. తాగే బండి లాగాలి, లాగలేని బండి తక్కువైనా తాగాలి. ఈ రెండింటికీ నీళ్ళొదిలేసిన బండి వెతికి వెతికి మన చేతికే ఎలా దొరికిందని చిన్న డ్రైవర్ జుట్టు పీక్కుంటున్నాడు.

చిన్న డ్రైవర్ అన్నారని కుర్రవాడనుకునేరు. నలభై నాలుగేళ్ళ మనిషి, చెవుల దగ్గర నెరుపు కూడా వచ్చేసింది. కాని ఇంట్లో పెద్ద డ్రైవర్ ఉన్నంత కాలం ఇతను చిన్న డ్రైవరే. పెద్ద డ్రైవర్ అంటే తండ్రి. ముప్ఫై ఆరేళ్ళు లారీ తోలి, డెబ్భై నిండాక దిగాడు. తండ్రీ కొడుకులిద్దరూ జీవితమంతా పరాయి బండ్లే తోలారు. సొంత బండి కొనడం ఆ ఇంట్లో ఇదే మొదలు.

మూడేళ్ళు ఎవరో వాడిన బండే అయినా తెల్ల రంగు మీద గీత లేదు, సీట్లు చిరగలేదు. ఇంటికి తెచ్చిన రోజు పెద్ద డ్రైవర్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చక్రాలు కాలితో తన్ని చూశాడు. ఏమీ అనకుండా లోపలికెళ్ళి, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అప్పటి నుంచీ ఆ సీటు ఆయనదే. రావద్దనే ధైర్యం ఎవరికీ లేదు, అనాలని కూడా ఎవరికీ లేదు. మూడేళ్ళుగా గోడ పక్కన ఎండకు కుర్చీ జరుపుకుంటూ కూర్చున్న మనిషి మళ్ళీ పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు. అది చూసి కోడలు వంటింట్లో కళ్ళు తుడుచుకుంది కూడా.

కూర్చున్నవాడు ఊరికే కూర్చుంటాడా? గేర్లు ఆయనే చెబుతాడు. కొడుక్కి పద్దెనిమిదేళ్ళప్పుడు లారీలో నేర్పిన పద్ధతి అది. “ఇంజను మాట్లాడుతుందిరా. దాని మాట నీకు అర్థం కావడానికి పదేళ్ళు పడుతుంది. అందాకా నేను ఊఁ అన్నప్పుడు గేరు మార్చు,” అన్నాడు. ఆ పదేళ్ళు ఎప్పుడో గడిచిపోయాయి. తర్వాత పదహారేళ్ళు కొడుకు ఒక్కడే బండ్లు తోలాడు. ఊఁ అనేవాడు లేకుండానే గేర్లు మార్చుకున్నాడు, ఏ యజమానీ వంక పెట్టలేదు. అయినా తండ్రి పక్కన కూర్చుంటే మాత్రం ఆ చెయ్యి గేరు రాడ్డు మీద పడుకునే ఉంటుంది. ఊఁ వినపడితేనే కదులుతుంది. పెద్దవాళ్ళ ముందు కొందరికి గొంతు లేవదు, ఇతనికి చెయ్యి లేవదు. ఏం చేస్తాం!

ఇంతకీ ఈ కంగారంతా దుప్పట్ల ఫ్యాక్టరీ గురించి. నాలుగు ఆస్పత్రుల పక్క దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి పంపే చోటు అది. నాలుగో ఆస్పత్రి గుట్ట మీద ఉంది. ఆ రూటుకి బండి కావాలన్నారు. వాళ్ళ పరీక్ష సూటిగా ఉంది. సోమవారం పొద్దున ట్యాంకు నిండా యాభై లీటర్లు వాళ్ళే పోసి మూతకి తాళం వేస్తారు. రోజుకి వంద కిలోమీటర్ల చొప్పున ఆరు రోజులు తిరగాలి. శనివారం సాయంత్రం దాకా ఆ డీజిలు సరిపోతే మూడేళ్ళు రూటు మీది, మధ్యలో అయిపోతే ఇంకొకరిది. రూటు దక్కకపోతే ఈ బండికి వేరే పని లేదు. అమ్ముకుని, ఎవరి తాళంచెవి కోసమో మళ్ళీ గుమ్మాలు పట్టుకు తిరగాలి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరూ పైకి అనరు.

లీటరుకి పన్నెండు రావాలి. వస్తున్నది పది. అదీ గుట్ట ఎక్కమంటే మూడో మలుపు దగ్గరే మొరాయిస్తూ.

మెకానిక్ బావ రంగంలోకి దిగాడు. బావ అంటే చిన్న డ్రైవర్ అక్క మొగుడు, రెండు వీధుల అవతల షెడ్డు. చేతిలో స్పానరు కంటే నోట్లో మాటే ఎక్కువ తిరుగుతుందని పేరున్నా పనిమంతుడే. ముందు గాలి ఫిల్టరు తీసి చూపించాడు. అందులో ఇంత దుమ్ము, రెండు ఈకలు, ఒక ఎండిన తూనీగ. “ముక్కుకి గుడ్డ కట్టి పరిగెత్తమంటే నువ్వు పరిగెడతావా బామ్మర్దీ?” అన్నాడు. కొత్త ఫిల్టరు పెడితే పావు కిలోమీటరు పెరిగింది. టైర్లలో గాలి సరిగ్గా పట్టించాడు, ఇంకో పావు. పైన పాత యజమాని బిగించిన ఇనప కారియరు విప్పి పారేశాడు. వెనక చక్రం బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేశాడు. ఇంజెక్టర్లు కడిగించాడు. అన్నీ చేసి, ట్యాంకు అంచు దాకా నింపి తిరిగి, మళ్ళీ అంచు దాకా నింపి లెక్క వేస్తే పదకొండుకి ఇవతలే చావలేక బతుకుతోంది.

పెద్ద డ్రైవర్‌కి ఇదంతా నచ్చలేదు. “మీరు చేసేవన్నీ పై పూతలు. అసలు రోగం అది కాదు. బండికి దమ్ము లేదు. ఇంజను గొంతే లేవట్లేదు, ఎవడో పీక నొక్కినట్టుంది,” అన్నాడు.

“ఈ కాలపు ఇంజన్లు అంతే మావయ్యా, గుట్టుగా పనిచేస్తాయి,” అన్నాడు బావ ఆయన ఎదురుగా నిలబడి.

“గుట్టుగా పనిచేసేది దొంగ, ఇంజను కాదు. సైలెన్సరు మార్చు.”

మామగారి మాట కాదంటే ఇంట్లో భార్య ఊరుకోదని బావకి తెలుసు. లోపల అడ్డుగోడలేవీ లేని పాతకాలపు గొట్టం ఒకటి ఎక్కడో సంపాదించి బిగించాడు. బండి స్టార్ట్ చేయగానే ఎదురింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ “నాయనోయ్” అని చెంబు వదిలేసింది. పెద్ద డ్రైవర్ మొహం మాత్రం చాటంత అయింది. “ఇదిరా బండి!” అన్నాడు.

ఇక్కడే చిత్రం జరిగింది. ఆ రోజు బండి గుట్టని ఒక్క ఊపున ఎక్కింది. సాయంత్రం లెక్క వేస్తే లీటరుకి పన్నెండున్నర దాటింది. మర్నాడు పదమూడు. బావ తన బుర్ర తానే గోక్కుని, చివరికి ఘనత మొత్తం తన ఖాతాలో వేసుకున్నాడు. “చూశావా, లోపలి పొగ సాఫీగా పోతోంది. ఇంజను ఊపిరి పీలుస్తోంది,” అని షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పాడు. కోడలు చాలా రోజుల తర్వాత నవ్వింది. చిన్న డ్రైవర్ ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాడు.

ఆ సంబరం రెండు రోజులు. మూడో రోజు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ బండి చూడటానికి వచ్చాడు. ఇంజను చప్పుడు వినగానే రెండు చెవులూ మూసుకున్నాడు. “ఏమండీ, ఇది ఆస్పత్రులకి వెళ్ళే బండి. దీన్ని తీసుకెళితే రోగులు మంచాల మీంచి దూకుతారు. గేటు లోపలికి కూడా రానివ్వరు,” అన్నాడు. సోమవారం లోపల సైలెన్సరు మార్చమని చెప్పి వెళ్ళిపోయాడు.

చేసేదేముంది, బండితో వచ్చిన సైలెన్సరే మళ్ళీ బిగించారు. బండి మళ్ళీ పిల్లిలా నడిచింది. లెక్క వేస్తే పదింపావు.

బావకి పౌరుషం వచ్చింది. “సైలెన్సరుకి పోతే అర కిలోమీటరు పోవాలి. దాదాపు మూడు పోవడమేంటి? రేపు నేను కూడా ఎక్కుతాను,” అన్నాడు.

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. బావ మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు, మోకాళ్ళు గేరు రాడ్డుకి తగలకుండా ఒక పక్కకి తిప్పుకుని. ఎదురుగా ఇంజను వేగం చూపించే మీటరు ఉంది. ముల్లు చూసి గేరు మార్చేవాడు డ్రైవరే కాదని పెద్ద డ్రైవర్ ఎప్పుడో తీర్పు చెప్పేశాడు కాబట్టి దాని వంక ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. బావ చూశాడు.

రెండో గేరులో బండి రోడ్డెక్కింది. ముల్లు రెండు వేలు దాటింది. గేరు మార్చాల్సింది అక్కడే. చిన్న డ్రైవర్ చెయ్యి రాడ్డు మీదే ఉంది, కదలలేదు. రెండున్నర వేలు. మూడు వేలు. ఇంజను కీచుమంటోంది. పెద్ద డ్రైవర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రశాంతంగా కూర్చున్నాడు. మూడున్నర వేల దగ్గర ముల్లు వణుకుతుంటే, ఆయన పాదం కింద నేల అదిరిందేమో, “ఊఁ” అన్నాడు. చెయ్యి కదిలింది, గేరు పడింది.

గుట్ట ఎక్కేటప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. మూడో గేరులో బండి ఊపిరందక దగ్గుతోంది. గేరు తగ్గించాలి. పెద్ద డ్రైవర్ అనడు. బండి దాదాపు నిలబడిపోయాక, అద్దంలోంచి రోడ్డు కదలకపోవడం చూసి “ఊఁ” అన్నాడు.

బావ మీటరు మీంచి కళ్ళు తీసి పెద్ద డ్రైవర్ వైపు తిరిగాడు. ఇంట్లో మాట్లాడుకునే గొంతుతోనే, “మావయ్యా, మీకు వినపడుతోందా?” అన్నాడు. ఒక మూర దూరం కూడా లేదు మనిషికీ మనిషికీ. పెద్ద డ్రైవర్ రోడ్డు పక్కన ఇటుకలు దింపుతున్న వాళ్ళని చూస్తున్నాడు. బావ ఇంకోసారి అడిగాడు. ఆయన చూస్తూనే ఉన్నాడు.

చప్పుడు గొట్టం పెట్టిన రోజుల్లో బండి ఎందుకు బాగా నడిచిందో చిన్న డ్రైవర్‌కి అప్పుడు తెలిసింది. ఎవరో పీక నొక్కింది ఇంజనుకి కాదు. ముప్ఫై ఆరేళ్ళ లారీ మోత ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది, మిగిలింది ఇంతే.

ఇంటికొచ్చాక కొడుకూ కోడలూ బావా వంటింట్లో గుసగుసలాడారు. నిజానికి గుసగుసలాడాల్సిన అవసరం లేదని ఆ క్షణాన ఒక్కరికీ తట్టలేదు. “వెనకనుంచి పిలిస్తే మావయ్యగారు పలకరు. నా మీద కోపమేమో అనుకున్నానండీ ఇన్నాళ్ళూ,” అంది కోడలు.

“మరి చెప్పు మీ నాన్నకి,” అన్నాడు బావ.

“నువ్వు చెప్పు బావా. నీకు మాటలొచ్చు.”

“నన్ను లాగకు. ‘ఇంజను మాట నీకు వినపడట్లేదు’ అని ఆయనతో అనాలా? దానికంటే నా షెడ్డుకి నేనే నిప్పెట్టుకోవడం నయం.”

ఎవరూ చెప్పలేదు. సోమవారం తెల్లవారింది. ఫ్యాక్టరీవాళ్ళు డీజిలు పోసి తాళం వేశారు. పెద్ద డ్రైవర్ ఇస్త్రీ మడత నలగని ఖాకీ చొక్కాతో పక్క సీట్లో కూర్చున్నాడు. చిన్న డ్రైవర్ దుప్పట్ల మూటలు లోపలికి మోసుకెళ్ళినప్పుడల్లా ఆయన బండిలో కూర్చుని, గేటు కాపలావాళ్ళ దగ్గర తన లారీ రోజుల సంగతులు విప్పాడు. అవతలి వాళ్ళ జవాబులు వినే అలవాటు ఎలాగూ లేదు కాబట్టి కబుర్లు బ్రహ్మాండంగా సాగాయి. డీజిలు ముల్లు మాత్రం దిగుతూనే ఉంది.

మంగళవారం చిన్న డ్రైవర్ గుండె చిక్కబట్టుకుని ఒక పని చేశాడు. ఊఁ అనకముందే గేరు మార్చాడు. చప్పుడు వినపడకపోయినా రాడ్డు కదలడం కనపడుతుంది కదా. పెద్ద డ్రైవర్ రాడ్డు వంక చూశాడు, తర్వాత కొడుకు వంక చూశాడు.

“నేను అన్నానా?”

చిన్న డ్రైవర్ గేరు వెనక్కి వేశాడు. నలభై నాలుగేళ్ళ మనిషి! ఇలాంటివాణ్ణి ఏమనాలో తెలియదు. తిట్టబుద్ధవుతుంది, జాలీ వేస్తుంది.

ఆ సాయంత్రానికి రెండు వందల కిలోమీటర్లు అయ్యాయి, ఇరవై లీటర్లు అయ్యాయి. మిగిలిన ముప్ఫై లీటర్లతో నాలుగు వందలు తిరగాలి. రాత్రి అన్నం కెలుకుతున్న భర్తని చూసి భార్య పళ్ళెం జరిపేసింది. “నిజం చెప్పలేకపోతే అబద్ధమైనా చెప్పండి. బండి పోతే ఆయన ఎక్కడ కూర్చుంటారు?” అంది.

బుధవారం పొద్దున చిన్న డ్రైవర్ తండ్రికి ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ, “రెండో మనిషి బండిలో ఉండకూడదంట నాన్నా. కంపెనీ రూలంట,” అన్నాడు. చెబుతున్నంతసేపూ తండ్రి చొక్కా గుండీ వంకే చూశాడు.

“అలాగా,” అన్నాడు పెద్ద డ్రైవర్. “రూలంటే రూలే.” పక్క సీటు తలుపు తెరిచి, అక్కడ పెట్టుకున్న తన నీళ్ళ సీసా తీసుకున్నాడు. తలుపు మెల్లగా వేశాడు. బండి సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉండటం అద్దంలో కనపడింది.

ఆ నాలుగు రోజులూ బండి మాట విన్నది. చెయ్యి దానంతటదే కదిలింది. ఇంజను కీచుమనలేదు, దగ్గలేదు. గుట్ట మీద రెండో గేరులో నిండు బరువుతో గౌరవంగా ఎక్కింది. ఇన్నాళ్ళూ అవస్థ పడ్డది బండి కాదన్నమాట. చిన్న డ్రైవర్‌కి మాత్రం సంతోషం కలగలేదు. పక్క సీటు బోసిగా కనపడకుండా ఒక దుప్పట్ల మూట దాని మీద పెట్టుకున్నాడు. ఇంట్లో ఖాకీ చొక్కా దండెం మీదే ఉంది. కుర్చీ మళ్ళీ గోడ పక్కకి చేరింది. గురువారం పెద్ద డ్రైవర్ గడ్డం గీసుకోలేదు. శుక్రవారమూ గీసుకోలేదు.

శనివారం సాయంత్రం డీజిలు ముల్లు పక్కన ఎర్ర దీపం వెలుగుతూ బండి ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చింది. తాళం తీసి నింపితే నలభై తొమ్మిది లీటర్లు పట్టింది. సూపర్‌వైజర్ చెయ్యి కలిపాడు. బండి రాత్రిళ్ళు ఎక్కడ నిలుపుతారో చూడాలంటూ స్కూటరు మీద బండి వెనకాలే ఇంటికొచ్చాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. పెద్ద డ్రైవర్ కుర్చీలోంచి లేవబోతే సూపర్‌వైజర్ కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

“రూటు మీదేనండీ. బండి బాగుంది, మీ చెయ్యీ బాగుంది,” అన్నాడు. “ఒక్క సంగతి. బుధవారం నుంచి ఒంటరిగా వచ్చారేం? ఆస్పత్రి గేటు దగ్గర బండిని వదిలేసి లోపలికెళ్ళకూడదు. ఇంకో మనిషి ఉండి తీరాలి, మా రూలు అది. మొదటి రెండు రోజులూ ఈ పెద్దాయన ఉన్నారుగా, ఆయనే వస్తే చాలు.” అంటూ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాటలు వినని మనిషి అక్కడ ఒక్కడే.

“ఏమంటున్నాడ్రా? నా వైపు చూపించాడు?” అన్నాడు పెద్ద డ్రైవర్.

ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. సూపర్‌వైజర్‌కి ఈ గొడవేం తెలుసు? కాని కుర్చీ పక్కనే గొంతుక్కూర్చున్నాక చిన్న డ్రైవర్‌కి రెండో అబద్ధం రాలేదు. తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, “సోమవారం నుంచి నువ్వు కూడా రావాలంట నాన్నా!” అని అరిచాడు.

“రెండో మనిషి కూడదన్నారుగా?”

“వాళ్ళు అనలేదు! నేనే అన్నాను! అబద్ధం చెప్పాను నాన్నా!”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సూపర్‌వైజర్ నీళ్ళ గ్లాసు తాగకుండా అలాగే పట్టుకున్నాడు. పెద్ద డ్రైవర్ కొంచెంసేపు బండి వంక చూస్తూ కూర్చున్నాడు. కోపం రాలేదు. వచ్చి ఉంటే కొడుక్కి తేలికగా ఉండేది.

“బుధవారం నువ్వు బండి స్టార్ట్ చేశావు. నేను గుమ్మంలో ఉన్నాను,” అన్నాడు నెమ్మదిగా. “వెనక గొట్టంలోంచి పొగ కనపడింది. చప్పుడు రాలేదు. ఆగిపోయిందేమో, తొయ్యాలేమో అనుకుని చెప్పులు వేసుకున్నాను. అది కదిలి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది, దమ్ము లేనిది దేనికో.”

కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది సరేరా. నాకు వినపడదు,” అన్నాడు పెద్ద డ్రైవర్ కొడుకు వైపు తిరిగి. “నీకు వినపడుతుంది కదా! ఇంజను అంత మొత్తుకుంటుంటే విని కూడా ఎందుకాగావు?”

చిన్న డ్రైవర్ నేల చూస్తూ ఏదో గొణిగాడు. పెద్ద డ్రైవర్ కొడుకు వైపు వంగి, నలుగురి ముందు, జీవితంలో మొదటిసారిగా, అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

“ఏంటీ?”

“నువ్వు అనలేదు కదా నాన్నా!” అని వీధంతా వినపడేలా అరిచాడు చిన్న డ్రైవర్. “నువ్వు ఊఁ అనలేదు, అందుకని ఆగాను!”

పెద్ద డ్రైవర్ చెవి వెనక చెయ్యి తీసి కొడుకు తల మీద పెట్టాడు. ఆ నెరిసిన జుట్టుని ఒకసారి వెనక్కి తోశాడు.

“ఊఁ,” అన్నాడు.